చీకటిలో వెలిగే ముల్లు

చీకటి గదిలో రేడియో మీట త్రిప్పగానే అంకెల పలక వెనుక చిన్న దీపం వెలుగుతుంది. ఆ వెలుగులో ముల్లు ఒక స్టేషను నుంచి మరొక స్టేషనుకు జరుగుతుంది. మోటారు బండిలోనూ ఇంతే. స్టీరింగు ముందున్న మీటర్ల పలకలో వేగం చూపే ముల్లు, పెట్రోలు చూపే ముల్లు, ఇంజను వేడిమి చూపే ముల్లు రాత్రివేళ చిన్న బల్బు వెలుగులోనే కనిపిస్తవి. బల్బు పోతే ముల్లు ఉన్నా లేనట్లే. ఆ బల్బుతో పనిలేకుండా తమంతట తామే వెలిగే అంకెలను వ్రాయవచ్చునని ఒకప్పుడు మనుష్యులు కనిపెట్టారు. ఆ అంకెలు ఎవరు వ్రాశారు, వ్రాసినవారి గతి ఏమైనది, ఆ వెలుగుకు మూలమైన రాయికీ మన కడప జిల్లాలోని తుమ్మలపల్లెకూ సంబంధమేమిటి అన్నదే నేటి ముచ్చట.

రేడియో, రేడియం అనే రెండు మాటలకూ తల్లి ఒక్కటే. కిరణమనే అర్థంగల లాటిన్ మాట నుంచి ఆ రెండూ పుట్టినవి. రేడియో మాట మన ఇంట్లోకి పెట్టె రూపంలో వచ్చినది. రేడియం మాట మన వీధుల్లోకి మరొక దారిన వచ్చినది. లారీ వెనుక ఎఱ్ఱగా మెరిసే పట్టీని, స్కూటరు నంబరు పలకమీది అంకెలను మనం ఈనాటికీ "రేడియం స్టిక్కరు" అనే అంటాము. నిజానికి ఆ స్టిక్కరులో రేడియం రవ్వంతైనా లేదు. దానిలో ఉన్నవి సన్నని గాజుపూసల వంటి పదార్థాలు. ఎదుటి బండి దీపం పడినప్పుడు ఆ కాంతిని వచ్చిన దారినే త్రిప్పి పంపుతవి, అంతే. మరి లేని వస్తువు పేరు ఎందుకు నిలిచినది? ఒకప్పుడు చీకటిలో వెలిగే అంకెలంటే రేడియం అంకెలే గనుక. వస్తువు వెళ్ళిపోయినది, పేరు మిగిలినది. ఆ వస్తువు ఎందుకు వెళ్ళిపోయినదో మాత్రం చాలామందికి తెలియదు.

పులివెందులకు సమీపంలో, వేముల మండలంలో తుమ్మలపల్లె ఉన్నది. ఆ ప్రాంతమంతా భూగర్భశాస్త్రజ్ఞులు కడప పరీవాహమని పిలిచే ప్రాచీన శిలాప్రదేశం. 1872లో విలియం కింగ్ అనే శాస్త్రజ్ఞుడు భారత భూగర్భ పరిశోధన శాఖ పక్షాన కడప, కర్నూలు శిలలను గురించి ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. నాపరాయి, ముగ్గురాయి, రాతినార ఈ జిల్లాకు పాతచుట్టాలు. ఆ వరుసలో చివరగా బయటపడినది యురేనియం. వేంపల్లె శిలాశ్రేణిలోని ఒక రకమైన సున్నపురాతి పొరలలో అది దాగి ఉన్నది. 2007లో అప్పటి ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖరరెడ్డి ఇక్కడి గనికి, కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 2012లో భారత యురేనియం సంస్థవారి కర్మాగారం పని ప్రారంభించినది. రోజుకు 3,000 టన్నుల రాతిని పొడిచేసి శుద్ధిచేసే శక్తితో దానిని నిర్మించారు. రాతిలో యురేనియం పాలు బహుతక్కువ, నూటికి 0.04 పాళ్ళ ప్రాంతం. సున్నపురాయి ఆమ్లాన్ని త్రాగివేస్తుంది గనుక ఇక్కడ ఆమ్లానికి బదులు క్షారంతో యురేనియమును విడదీస్తారు. అలా వచ్చిన పసుపుపచ్చని పదార్థం హైదరాబాదులోని అణు ఇంధన కర్మాగారానికి పోతుంది.

యురేనియం ఉన్నచోట రేడియం ఉండక తప్పదు. యురేనియం పరమాణువు తనంతట తాను క్షీణిస్తూ, తరతరాలుగా రూపాలు మార్చుకుంటూ పోయే దారిలో రేడియం ఒక మజిలీ. ప్రాచీనమైన రాతిలో సుమారు మూడు టన్నుల యురేనియమునకు ఒక గ్రాము రేడియం తోడుగా ఉంటుందని లెక్క. తుమ్మలపల్లె రాయి మూడువేల టన్నులలో యురేనియం సుమారు ఒక టన్ను ఉన్నదనుకుంటే, రేడియం గ్రాములో మూడవవంతు ఉంటుందన్నమాట. ఇంత స్వల్పమైన వస్తువును గూర్చి ఇంత ప్రసంగం దేనికని తోచవచ్చును. ఆ సంగతి చెప్పడానికే కొంచెం వెనుకకు పోవాలి.

1898 డిసెంబరులో పారిస్ నగరంలో మేరీ క్యూరీ, పియేర్ క్యూరీ దంపతులు రేడియం ఉనికిని లోకానికి ప్రకటించారు. బొహీమియా గనుల నుంచి తెప్పించిన టన్నులకొద్దీ రాతిపిప్పిని ఒక పాత కొట్టములో ఉడికించి, వడగట్టి, 1902 నాటికి గ్రాములో పదవవంతు రేడియం లవణమును మేరీ క్యూరీ వేరుచేయగలిగినది. రాత్రివేళ ఆ కొట్టములో గాజుగొట్టాలు సన్నగా వెలుగుతూ ఉంటే ఆ దంపతులు చూచి ఆనందించేవారు. ఆ కాలంలోనే న్యూయార్కులో విలియం హామర్ అనే ఇంజనీరు రేడియమును జింకు సల్ఫైడు అనే పొడితో కలిపి చూచాడు. రేడియం విసిరే కణాలు తగిలినప్పుడల్లా జింకు పొడి మినుకుమంటుంది. అటువంటి మినుకులు క్షణానికి లక్షలు కలిసి ఎడతెగని లేతపచ్చని వెలుగవుతుంది. ఎండ అక్కరలేదు, బల్బు అక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు.

ఈ పొడిని అంకెలపై నిలపడానికి జిగురు కావాలి. అందుకు వాడినది తుమ్మబంక. మన నల్లతుమ్మకు దాయాది అయిన ఆఫ్రికా తుమ్మచెట్టు నుంచి కారే జిగురు అది. నీటిలో కరిగించిన తుమ్మబంకలో జింకు పొడి, దానిలో అణుమాత్రం రేడియం: ఇదీ ఆ రంగు. పేరులోనే తుమ్మలను మోస్తున్న పల్లె క్రింద రేడియం కన్నతల్లి పడి ఉన్నదని ఆ రంగు కలిపినవారెవ్వరికీ తెలియదు.

మొదటి ప్రపంచయుద్ధం ఈ రంగుకు గిరాకీ తెచ్చినది. రాత్రివేళ విమానం నడిపేవానికి ఎత్తు చూపే మీటరు, దిక్కు చూపే ముల్లు కనిపించాలి. దీపం వెలిగిస్తే శత్రువు చూస్తాడు. కందకములలో సైనికునికి గడియారం కనిపించాలి. అగ్గిపుల్ల గీస్తే ప్రాణం పోతుంది. అమెరికాలో సబిన్ ఫాన్ సొషోకీ అనే వైద్యుడు మరొకనితో కలిసి 1914లో ఒక సంస్థ స్థాపించాడు. న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆరెంజ్ పట్టణంలో వారి కర్మాగారం వెలసినది. 1921లో దానికి యునైటెడ్ స్టేట్స్ రేడియం కార్పొరేషన్ అని పేరు మారినది. ఆ రంగుకు వారు పెట్టిన వ్యాపారనామం "అన్‌డార్క్". అనగా చీకటి కానిది.

పని చేసినవారు చాలావరకు పడుచుపిల్లలు. కొందరికి పదిహేనేళ్ళైనా నిండలేదు. ఒంటె వెంట్రుకల కుంచె రెండు మూడు అంకెలు వ్రాయగానే మొన చెదరిపోయేది. మొన సరిచేసుకోవడానికి కుంచెను పెదవుల మధ్య పెట్టి తడపమని వారికి నేర్పారు. మన ఇళ్ళలో సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు చేసే పనే అది. పెదవికి, రంగుకు, పలకకు, మరల పెదవికి. ఈ విధంగా రోజుకు రెండువందలకు పైగా పలకలు. ఇంటికి పోయేటప్పుడు వారి జడలు, చీరవలె జీరాడే గౌనులు చీకటిలో వెలుగుతూ ఉండేవి. వేడుకకు గోళ్ళకు, పళ్ళకు కూడ ఆ రంగు పూసుకున్నవారున్నారు. ఆ కర్మాగారంలోనే రసాయన శాస్త్రజ్ఞులు సీసపు తెరల చాటున, పట్టుకారులతో రేడియమును తాకేవారు. ఆ జాగ్రత్త కుంచె పట్టిన పిల్లలవరకు రాలేదు.

రేడియం గుణం కాల్షియమును పోలినది. శరీరం దానిని సున్నమని భ్రమించి ఎముకలలో చేర్చుకుంటుంది. చేరిన రేడియం అక్కడనే కూర్చుండి ఎముకను లోపలినుంచి కాలుస్తుంది. 1922లో మాలీ మాజియా అనే యువతి దవడ ఎముక శిథిలమై మరణించినది. మరణ పత్రంలో సిఫిలిసు వ్యాధి అని వ్రాశారు. ఆమె ప్రాణం పోవడమేగాక, ఆ కుటుంబం మోయరాని నింద కూడ మోసినది. అయిదేళ్ళ తరువాత, 1927లో, సమాధి త్రవ్వి పరీక్షించగా ఆమె ఎముకలు రేడియంతో నిండి ఉన్నవని తేలినది.

ఈలోగా జరిగినది మరింత విచారకరం. 1924లో సంస్థవారే హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు సెసిల్ డ్రింకరును పిలిపించి పరీక్ష చేయించారు. పని పరిస్థితులే రోగానికి కారణమని ఆయన నివేదిక ఇచ్చాడు. సంస్థవారు ఆ నివేదికను ప్రకటించలేదు సరికదా, పిల్లలందరూ ఆరోగ్యంగా ఉన్నారన్న భావం కలిగేటట్లు దానిని మార్చి కార్మికశాఖకు అందజేశారు. 1925లో హారిసన్ మార్ట్‌లండ్ అనే ప్రభుత్వ వైద్యుడు రోగుల ఊపిరిలోనే కిరణశక్తి ఉన్నదని కొలిచి చూపించాడు. అంతటితో మాట దాచడం కష్టమైనది.

గ్రేస్ ఫ్రయర్ అనే వనిత రెండేళ్ళపాటు న్యాయవాదికోసం తిరిగినది. చివరకు రేమండ్ బెర్రీ అనే యువకుడు ముందుకు రాగా 1927లో అయిదుగురు స్త్రీలు దావా వేశారు. ఆ అయిదుగురిలో ఇద్దరు మాలీ మాజియా తోబుట్టువులే. గాయమైన రెండేళ్ళలో దావా వేయాలి గనుక గడువు దాటిపోయినదని సంస్థ వాదించినది. గాయం అయినట్లు తెలియడానికే అయిదారేళ్ళు పట్టే వ్యాధికి రెండేళ్ళ గడువు! 1928 జూన్‌లో రాజీ కుదిరినది. ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏటా 600 డాలర్లు, వైద్యఖర్చులు. ఆ ఏడాదే ఆ రంగును రూపొందించిన సొషోకీ కూడ రేడియం చేతనే మరణించాడు.

ఇల్లినాయి రాష్ట్రంలోని ఆటవా పట్టణంలో మరొక కర్మాగారపు కథ ఇంకొక పదేళ్ళు నడిచినది. కాథరిన్ డానహ్యూ అనే స్త్రీ లేవలేని స్థితిలో ఉండగా 1938లో అధికారులు ఆమె ఇంటికే వచ్చి, పడకపైననే సాక్ష్యం తీసుకున్నారు. తీర్పు ఆమె పక్షాన వచ్చినది. కొద్ది నెలలకే ఆమె మరణించినది. సంస్థ పైకోర్టులకు పోగా, 1939లో దేశపు అత్యున్నత న్యాయస్థానం కూడ వారి మాట వినలేదు. ఈ స్త్రీల శరీరాలను కొలిచిన లెక్కల ఆధారంగానే 1941లో ఒక మనిషి దేహంలో గ్రాములో కోటవవంతుకు మించి రేడియం ఉండరాదని ప్రమాణం ఏర్పడినది. ఇప్పుడు తుమ్మలపల్లె లెక్కను మరల జ్ఞాపకం చేసుకోవాలి. గ్రాములో మూడవవంతు స్వల్పం కాదు.

కర్మాగారములకు బయట, ఇళ్ళలోనే ఈ రంగు పూసినవారి కథ స్విట్జర్లండుది. ఆ దేశంలో గడియారముల పని కుటీర పరిశ్రమ. బియెన్, లా షో ద ఫోన్ వంటి పట్టణములలో ఇంటి వంటబల్లమీదనే అంకెలకు రేడియం రంగు వేసి, ఎండబెట్టి, తిరిగి అప్పగించేవారు. 1963 వరకు అక్కడ ఆ వాడుక సాగినది. తరువాత ఆ ఇళ్ళు అమ్ముడుపోయినవి, అద్దెకు పోయినవి. క్రొత్తగా వచ్చినవారికి ఆ గదిలో ఏమి జరిగినదో తెలియదు. 2015లో ప్రభుత్వం ఒక ప్రణాళిక చేపట్టి 2023 వరకు వెయ్యికి పైగా భవనాలను శోధించినది. నూటికి పైగా ఇళ్ళలో, తోటలలో మట్టిని, నేలపలకలను తొలగించి శుద్ధిచేయవలసి వచ్చినది.

రెండవ ప్రపంచయుద్ధంలో విమానములకు, ఓడలకు, జీపులకు, కొన్ని టాంకులకు రేడియం మీటర్లు లెక్కలేనన్ని అమర్చారు. యుద్ధానంతరం స్కాట్లండులోని డాల్గెటీ బే వద్ద పాతవిమానాల మీటర్లను కాల్చి ఆ బూడిదను సముద్రతీరంలో పూడ్చారు. 1990లో ఆ ఇసుకలో కిరణశక్తి గల రేణువులు బయటపడినవి. వాటిని శుద్ధిచేసే పని 2023లో గాని ముగియలేదు. ఒక తరం వెలిగించుకున్న అంకెలను తుడవడానికి మూడు తరాలు పట్టినదన్నమాట.

ఈ సంగతి మన ఇళ్ళకు ఎందుకంటే, పాత జీపులను, మోటారు సైకిళ్ళను బాగుచేసుకుని, వాటి మీటర్ల పలకకు ఇంటిదగ్గరనే రంగు వేసుకునే సరదా మన యువకులలో ఈనాడు కనిపిస్తున్నది. సరదా మంచిదే. పలక విప్పడం, వెలసిన అంకెలను తిరిగి దిద్దడం ఓర్పును నేర్పే పని. అయితే యుద్ధకాలపు పలకగాని, పాత విమానపు మీటరుగాని, తాతగారి కాలపు గడియారంగాని చేతికి వచ్చినప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి. చీకటిలో పెట్టి చూస్తే అది వెలగకపోవచ్చును. వెలగనంత మాత్రాన దానిలో రేడియం లేదని కాదు. కొన్నేళ్ళకు జింకు పొడి అరిగిపోయి వెలుగు ఆగుతుంది. రేడియం సగమై పోవడానికి మాత్రం 1,600 ఏళ్ళు పడుతుంది. నివురుగప్పిన నిప్పు అంటే ఇదే. గాజు మూత ఉన్నంతవరకు భయం తక్కువ. మూత తీసి, ఎండిన రంగును గీకి, ఆ పొడిని ఊదితేనే అసలు ప్రమాదం. అటువంటి పలకను విప్పకుండా, గీకకుండా, పిల్లల చేతికి ఇవ్వకుండా ఉండడమే మేలు.

క్రొత్తగా రంగు వేయదలచినవారికి నిరపాయమైన దారి ఇప్పుడున్నది. 1993లో జపాను దేశపు నెమోటో సంస్థవారు స్ట్రాన్షియం అల్యూమినేటు అనే పదార్థంతో వెలుగు రంగు తయారుచేశారు. అది పగటి వెలుగును దాచుకొని రాత్రి తిరిగి ఇస్తుంది. దానిలో కిరణశక్తి లేదు. ముందుగా తెల్లరంగు పూత వేసి, అది ఆరిన తరువాత దీనిని పలుచగా రెండు మూడు పూతలు వేస్తే బాగా వెలుగుతుంది. ముల్లు విషయంలో మాత్రం పొదుపు కావాలి. 1902లో బెర్లినులో ఒటో షుల్జ్ పేటెంటు పొందిన పద్ధతిలో, వేగం చూపే ముల్లును త్రిప్పేది తిరుగుతున్న అయస్కాంతపు లాగుడు. వెనుకకు లాగేది వెంట్రుక వంటి సన్నని స్ప్రింగు. ముల్లుపై రంగు బరువెక్కితే అది తప్పు వేగం చూపుతుంది. ఏ రంగైనా సరే, కుంచెను పెదవులకు తాకించరాదని వేరుగా చెప్పనక్కరలేదు. ఆ పాఠానికి ఇదివరకే కావలసినంత మూల్యం చెల్లించబడినది.

చివరగా మరల తుమ్మలపల్లె. ఇక్కడ రాతినుంచి యురేనియం పోతుంది; రేడియం చాలావరకు పోదు. అది వ్యర్థపు బురదతోపాటు గట్టుకట్టిన చెరువులోనే ఉండిపోతుంది. ఆ చెరువు సమీప గ్రామాల రైతులు తమ బోరుబావుల నీరు మారినదని, అరటితోటలు దెబ్బతిన్నవని కొన్నేళ్ళుగా మొరపెట్టుకున్నారు. సంస్థవారు ఆ ఆరోపణను ఒప్పుకోలేదు. కాలుష్య నియంత్రణ మండలి ఈ విషయమై విచారణ జరిపినది. యురేనియం ఉన్న నేలలో నీటికి అది సహజంగా కూడ కొంత చేరవచ్చును. గని త్రవ్వకముందు ఆ నీటిలో ఎంత ఉండెను, ఇప్పుడు ఎంత ఉన్నది అన్న రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టినప్పుడే నిజం తేలుతుంది. త్రాగే నీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఆ అంకె పక్కన తన బావి నీటి అంకె ఏమిటో తెలుసుకునే హక్కు రైతుకు ఉన్నది.

ఆరెంజ్ పట్టణానికీ తుమ్మలపల్లెకూ పోలిక పెట్టి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. దేశానికి విద్యుత్తు కావాలి. ఆ రాతిలో రేడియం మనం పెట్టినది కాదు. కోట్ల ఏళ్ళనాడే అది అక్కడ ఉన్నది. కాని ఆరెంజ్ పిల్లలను చంపినది రేడియం ఒక్కటే కాదు. కొలత తెలిసినవారు తెలియనివారికి చెప్పకపోవడం కూడ. నివేదిక ఉన్నది, అది బీరువాలో ఉన్నది. ప్రమాదం తెలిసినది, అది సీసపు తెర వెనుక ఉన్నవారికే తెలిసినది. వైద్యుడు ఊపిరిని కొలిచి ఆ లెక్కను నలుగురి ముందు పెట్టిన రోజునుంచే ఆ కథ మలుపు తిరిగినది.

వేగం చూపే ముల్లు బండి నడిపేవాని కంటికి ఎదురుగా ఉండాలని మనం కోరుకుంటాము. ఊరి నీటిని, గాలిని, మట్టిని కొలిచే ముల్లు కూడ అదే విధంగా ఊరివారి కంటికి ఎదురుగా, వారి భాషలో, వారు చదువగల అంకెలలో ఉండాలి. ఆ అంకెలు వెలగడానికి రేడియం అక్కరలేదు.